శివరాత్రి అయ్యాక ట్రోమ్సో

అమ్మా నాన్నా డిసెంబరులో కాకినాడ నుంచి మా ఇంటికి వస్తున్నారని ఖాయం కాగానే, వాళ్ళని ఎక్కడెక్కడికి తిప్పాలో మా ఆయన లిస్టు రాయడం మొదలుపెట్టారు. మేముండేది నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో. పారిస్, బ్రసెల్స్, స్విట్జర్లాండ్ అంటూ అందరూ వేసే లిస్టే. నాన్న ఫోన్లోనే దాన్ని కొట్టేశారు. ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. "అవన్నీ తర్వాత చూద్దాంలే అమ్మలూ. ఆర్కిటిక్ వలయం అవతల జనం ఎలా బతుకుతున్నారో, ఆ మంచులో రోడ్లు ఎలా వేసుకుంటున్నారో ఒక్కసారి చూపించు" అన్నారు. పక్కనుంచి అమ్మ గొంతు: "ఇంత ప్రపంచంలో మీకు చలి ఊరే దొరికిందా?"

ఆఫీసు సెలవుల ప్రకారం గురువారం వెళ్ళి సోమవారం వచ్చేయాలి. ఇంత చిన్న ట్రిప్పులో ఊరు మార్చుకుంటూ తిరిగే తీరిక ఉండదు. ఏదో ఒక్క ఊరు పట్టుకోవాలి.

నాన్న యూట్యూబ్‌లో లాంగియర్‌బైన్ అనే ఊరు చూసి ముచ్చటపడ్డారు. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం, ఊరి పొలిమేర దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల భయం, అందుకని తుపాకీ లేకుండా బయటికి వెళ్ళొద్దంటారు. అది ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు నార్వేవే. కానీ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల సమూహం) పరిధిలోకి రావు. అక్కడికి వెళ్ళడమంటే షెంగెన్ దాటి బయటికి పోయి మళ్ళీ లోపలికి రావడం. అమ్మావాళ్ళకి వచ్చింది సింగిల్ ఎంట్రీ వీసా. వెళ్ళనిచ్చినా తిరిగి రానివ్వరు. వీసా స్టిక్కర్ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుని, ఎంట్రీల దగ్గర ఒకటి అంకె చూసి ఆ ముచ్చట అక్కడితో ఆపేశాం. తల్లిదండ్రుల్ని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ముందు చూడాల్సింది ఆ గడే. నార్వే ప్రధాన భూభాగానికైతే ఈ గొడవ లేదు. ఐరోపా యూనియన్‌లో లేకపోయినా నార్వే షెంగెన్‌లో ఉంది కాబట్టి నెదర్లాండ్స్ ఇచ్చిన వీసాతోనే వెళ్ళొచ్చు. ఇన్సూరెన్స్ కాగితంలో మాత్రం షెంగెన్ దేశాలన్నింటికీ వర్తిస్తుందని రాసి ఉందో లేదో చూసుకున్నాం.

ఆర్కిటిక్ వలయం లోపల అన్నిటికంటే పెద్ద నగరం మూర్మాన్స్క్. దానికి రష్యా వీసా వేరే, ప్రయాణం ఇంకో తతంగం. ఫిన్లాండ్‌లోని రోవనియెమికి పిల్లలున్నవాళ్ళు శాంటా కోసం వెళతారు. అయితే ఆర్కిటిక్ వలయపు గీత ఆ ఊరికి కొన్ని కిలోమీటర్లు ఉత్తరంగా పోతుంది. "గీతకి ఇవతలున్న ఊరు లెక్కలోకి రాదు" అని నాన్న తీర్పు. స్వీడన్‌లో కిరునా మీద ఆయనకి బాగా మనసైంది. ఇనుప గని తవ్వకాలకి నేల కుంగుతోందని అక్కడ ఊరినే జరుపుతున్నారు. 1912 నాటి చెక్క చర్చిని, 672 టన్నుల బరువున్నదాన్ని, విప్పకుండా మొత్తంగా ఎత్తి 2025 ఆగస్టులో ఐదు కిలోమీటర్ల అవతలికి బండ్ల మీద తరలించారు. ఆ వీడియో మా ఇంట్లో చాలాసార్లు ఆడింది. కానీ కిరునా సముద్రానికి దూరం. చలికాలంలో మైనస్ ఇరవైకి పడిపోవడం అక్కడ మామూలే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు.

అలా తేలింది నార్వేలోని ట్రోమ్సో. కిరునా కంటే ఇంకా ఉత్తరాన, దాదాపు 69.6 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆర్కిటిక్ గీతకి దాదాపు 350 కిలోమీటర్లు ఉత్తరంగా. అయినా అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం తీరాన్ని తాకుతూ పోవడం వల్ల జనవరి సగటు మైనస్ నాలుగు దగ్గరే ఉంటుంది, రేవు గడ్డకట్టదు. డెబ్భై వేల పైచిలుకు జనాభా, యూనివర్సిటీ, పెద్దాసుపత్రి ఉన్న ఊరు. పెద్దవాళ్ళతో వెళుతున్నప్పుడు ఆసుపత్రి ఉందన్న మాట నాకు అరోరా (రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు) కంటే ఎక్కువ ధైర్యమిచ్చింది. నాన్న రైల్లో పోదామన్నారు. ట్రోమ్సోకి రైలే లేదు. దగ్గర్లో స్టేషన్ అంటే నార్విక్, అక్కణ్ణుంచి బస్సులో నాలుగు గంటలు. చిన్న ట్రిప్పుకి విమానమే గతి.

ఊరు తేలాక నెల దగ్గర అసలు గొడవ. మా ఆయనకి తిమింగలాలు చూడాలని. హెర్రింగ్ చేపలు చలికాలం గడపడానికి ట్రోమ్సోకి ఉత్తరాన కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లోకి, అంటే ఫ్యోర్డుల్లోకి వస్తే, వాటి వెంట తిమింగలాలు వస్తాయి. నవంబరు నుంచి జనవరి దాకా ఆ సీజను. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే సూర్యుడు కనపడడు. నవంబరు 27 నుంచి జనవరి 15 దాకా దిగంతం పైకి రానే రాడు. చుట్టూ కొండలు కాబట్టి ఊళ్ళో ఎండ పడేసరికి జనవరి 21 అవుతుంది. ఆ రోజు పిల్లల బడుల్లో కూడా పండగే, తీపి బన్నులు చేసుకు తింటారు. కటిక చీకటేమీ కాదు, మధ్యాహ్నం కొన్ని గంటలు నీలి వెలుతురు ఉంటుందని మా ఆయన వాదన. "పగలు లేని ఊళ్ళో అంత డబ్బు పోసి ఏం చూస్తాం, అల్లుడు గారూ?" అని అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. పైగా పడవలో చాలాసేపు, ఆ చలిలో, ఆ అలల మీద... నేనూ అమ్మ వైపే.

మేలో వెళితే పగలే పగలు. మే 20 నుంచి జులై 22 దాకా సూర్యుడు అస్తమించడు. అప్పుడు అరోరా ఉండదు, అమ్మావాళ్ళ వీసా గడువూ అప్పటిదాకా ఉండదు. కాబట్టి ఫిబ్రవరి రెండో సగం. పగలు ఎనిమిది గంటల వెలుతురు, రాత్రి కావలసినంత చీకటి, నేల మీద మంచు.

ఫిబ్రవరిలో ఏ వారం? వెన్నెల ఎక్కువైతే సన్నపాటి అరోరా కొట్టుకుపోతుందని ఎక్కడో చదివి నాన్నకి చెప్పాను. అంతే, ఆయన తెలుగు క్యాలెండర్ యాప్ తీసి "అమావాస్య ఫిబ్రవరి 17న. ఆ రోజే బయల్దేరదాం" అన్నారు. అమ్మ చేతిలో గరిట అలాగే ఉంది. "అమావాస్య నాడు ప్రయాణం పెడతారా ఎవరైనా? బుద్ధుండే మాట్లాడుతున్నారా?" మర్నాడు పాడ్యమి, అదీ పనికిరాదు. దానికి ముందు, 15న, శివరాత్రి. ఉపవాసం, జాగారం ఇంట్లోనే చేసుకోవాలి. ఇక మిగిలింది 19, గురువారం, విదియ. మాకూ గురువారమే కావాలి. నెలవంక సన్నగా ఉంటుంది కాబట్టి ఆకాశానికీ ఇబ్బంది లేదు. ఖగోళమూ పంచాంగమూ సెలవుల పోర్టలూ ఒకే తేదీ మీద కలవడం నేనింకెప్పుడూ చూడలేదు. "శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటారుగా, ఇంకేం" అని అమ్మ ధీమా. ఆ సామెత 69 డిగ్రీల దగ్గర పనిచేయదని నేను చెప్పలేదు.

వెన్నెల విషయం ఒక మాట. పున్నమి రోజుల్లో వెళ్ళినా కొంపేమీ మునగదు. బలమైన అరోరా వెన్నెల్లోనూ కనిపిస్తుంది, పైగా మంచుకొండలు కూడా ఫొటోలో పడతాయి. అక్కడ అసలు శత్రువు మబ్బు. అరోరా ఎప్పుడూ వెలిగే వలయం సరిగ్గా ట్రోమ్సో నెత్తిమీదే పోతుంది కాబట్టి, అరోరా ఎంత బలంగా ఉండొచ్చో సున్నా నుంచి తొమ్మిది దాకా చెప్పే కేపీ సూచిక రెండు చూపించినా సరిపోతుంది. దక్షిణాది యూరప్ వాళ్ళకి ఎనిమిదీ తొమ్మిదీ రావాలి. నాన్న ఫోన్లో అరోరా యాప్ వేసుకుని ప్రతి పూటా "ఇవాళ కేపీ మూడు" అని ప్రకటించేవారు. నేను మాత్రం యర్ అనే వాతావరణ యాప్‌లో మబ్బుల శాతం చూసుకునేదాన్ని. నార్వే వాతావరణ సంస్థా, అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థా కలిసి నడుపుతున్నది అది. గంట గంటకీ ఏ ఎత్తులో ఎంత మబ్బుందో చెబుతుంది.

టికెట్లు అక్టోబరులోనే తీసుకున్నాం. ఫిబ్రవరి, మార్చి అక్కడ రద్దీ నెలలు. ఆలస్యం చేసినకొద్దీ గదుల ధరలు మండిపోతాయి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఓస్లో, అక్కణ్ణుంచి ట్రోమ్సో, ఆ రెండో ముక్క రెండు గంటల లోపే. వేర్వేరుగా కొంటే కొంత తగ్గేది. కానీ మంచు తుఫానుకి ఒక విమానం ఆలస్యమైతే రెండోదాని బాధ్యత ఎవరూ తీసుకోరు. అందుకని అంతా ఒకే బుకింగ్‌లో, ఓస్లోలో ఆ రోజుకి ఆఖరి విమానం కాకుండా దానికి ముందుది పట్టుకున్నాం. తిరుగు ప్రయాణం సోమవారం మధ్యాహ్నం. తెల్లవారుజాము విమానం చవగ్గా ఉంది గానీ, దానికోసం ఆదివారం రాత్రి ఆకాశాన్ని వదులుకోవాలి. ట్రోమ్సోలో రాత్రి విలువ ఎక్కువ.

బసకి హోటలా, అపార్ట్‌మెంటా? మా ఆయన హోటల్ అన్నారు, బ్రేక్‌ఫాస్ట్ ఉంటుందని. నేను వంటిల్లు ఉన్నదే కావాలన్నాను. అమ్మా నాన్నా గుడ్డు కూడా ముట్టరు. నార్వే క్రోన్ అప్పట్లో మన దాదాపు తొమ్మిది రూపాయలు. మామూలు రెస్టారెంటులో ఒక్క ప్లేటు ధర రూపాయల్లో చెబితే నాన్నకి ఆకలి చచ్చిపోతుంది. ఊరు ఒక దీవి మీద ఉంటుంది. బస్టాండు, రేవు, దుకాణాల వీధి తూర్పు ఒడ్డున. ఆ ఒడ్డు నుంచి పది నిమిషాల నడకలో, లిఫ్టు ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ దొరికింది. ఫొటోల్లో అందంగా కనిపించిన ఇళ్ళు చాలావాటికి మ్యాప్‌లో ఎత్తుపల్లాలు చూశాక దండం పెట్టాను. ఒడ్డు నుంచి పైకి పోయే వీధులన్నీ ఏటవాలే. అవి ఐసు పట్టాక అమ్మ మోకాళ్ళు ఏమైపోవాలి?

సామాన్ల కథ వేరే. నార్వే ఐరోపా యూనియన్‌లో లేదు కాబట్టి కస్టమ్స్ వేరు. ఐరోపా ఆర్థిక ప్రాంతం (ఐరోపా యూనియన్ దేశాలూ, నార్వే లాంటి మరికొన్నీ) బయటి నుంచి తెచ్చిన పాలపదార్థాలు, మాంసం తీసుకురాకూడదు. నెయ్యి ఇక్కడి దుకాణంలో కొన్నదే పెట్టుకున్నాం. బంగాళాదుంపలు కూడా తీసుకురావద్దని ఉంది, అదెందుకో అమ్మకి ఎంత చెప్పినా మింగుడుపడలేదు. పంటలకి వచ్చే తెగుళ్ళ భయం అన్నాను. "మా దుంపలకేం తెగులు?" అంది. బియ్యం, కందిపొడి, మాగాయ, చింతపండు గుజ్జు, చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్. పాలు, పెరుగు, కూరగాయలు అక్కడే. అయితే ఆదివారం నార్వేలో పెద్ద సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, చిన్న కొట్లు మాత్రమే తెరిచి ఉంటాయి, ధరలూ ఎక్కువే. ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో "శనివారం సాయంత్రంలోగా పెరుగు" అని పెద్దక్షరాలతో రాసింది అమ్మే.

అరోరా టూరు ఎంపికకే అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది. కారు అద్దెకి తీసుకుందామని మా ఆయన ఉబలాటం. మేకుల టైర్లు వేసే ఇస్తారు గానీ, ఆ ఐసు రోడ్డు మీద అర్ధరాత్రి, ఆకాశం వైపు ఓ కన్ను పెట్టి ఎవరు నడుపుతారు? వద్దన్నాను. మిగిలినవి రెండు రకాలు. ఒకటి, ఊరి బయట ఒకే చోటికి తీసుకెళ్ళి, వెచ్చటి గుడారంలో కూర్చోబెట్టి, ఆకాశం తెరుచుకుంటే పిలిచేది. రెండోది, మబ్బులేని చోటు వెతుక్కుంటూ మినీబస్సులో తిప్పేది. తీరంలో మబ్బు పట్టినా లోపలికి, స్కిబోట్న్ అనే ఊరి వైపు పోతే కొండలు మబ్బుని ఆపేస్తాయి కాబట్టి ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. అక్కడా కుదరకపోతే ఫిన్లాండ్ సరిహద్దు దాటిస్తారు. అందుకే పాస్‌పోర్టులు, మా రెసిడెన్స్ కార్డులు వెంట ఉండాలంటారు. మొదటి రకం సుఖం, రెండో రకంలో చూసే అవకాశం ఎక్కువ. మనిషికి వెయ్యి క్రోన్లు దాటే వ్యవహారం, అరోరా కనబడకపోయినా డబ్బు వెనక్కి ఇవ్వరు. కొందరు రెండోసారికి తగ్గింపు ఇస్తారు.

నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే: "మధ్యలో బాత్‌రూమ్ ఉంటుందా?" షుగరున్న మనిషి. సాయంత్రం ఆరింటికి ఎక్కిస్తే దించేది అర్ధరాత్రి దాటాక. వెబ్‌సైట్లలో మార్ష్‌మాలోల గురించి, ఫొటోల గురించి పేరాలు పేరాలు రాస్తారు గానీ ఈ ముక్క ఎక్కడా ఉండదు. నాలుగైదు కంపెనీలకి మెయిల్ పెట్టాను. ఒకరు "మా అతిథులకి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు" అని తప్పించుకున్నారు. ఒకావిడ మాత్రం, దారిలో ఫలానా పెట్రోలు బంకు దగ్గర ఆగుతాం, అది పదింటికి మూసేస్తారు, ఆ తర్వాత పొదలే, మీ నాన్నగారికి పర్వాలేదా అని ఉన్నదున్నట్టు రాసింది. నాన్నకి మెయిల్ చదివి వినిపిస్తే "నిజం చెప్పింది, ఈవిడ బండే ఎక్కుదాం" అన్నారు. సర్వీసంతా సైట్ల మీద తిరిగిన మనిషికి పొదలు కొత్తేమీ కాదు. అమ్మకి ఏమిటన్నది మాత్రం తేలలేదు. చివరికి శుక్రవారం రాత్రికి నలుగురికీ బుక్ చేశాను. ఆ రాత్రి ఏమీ కనిపించకపోతే శని, ఆదివారాలు మిగిలుంటాయి. ఆఖరి రాత్రికి బుక్ చేసుకుంటే ఇంకో అవకాశమే ఉండదు కదా. శనివారం పగలు అక్కడి ఆదివాసులైన సామీల రెయిన్‌డీర్ల దగ్గరికి. వాళ్ళు పెట్టే భోజనం రెయిన్‌డీర్ మాంసం పులుసు. శాకాహారమని ముందే రాస్తే కూరగాయల సూప్ చేస్తామన్నారు. కేబుల్ కార్‌కి మాత్రం తేదీ పెట్టుకోలేదు, గాలి ఎక్కువైతే ఆపేస్తారని.

బట్టల మీద ఎంత తక్కువ చెబితే అంత మంచిది, ఇంటర్నెట్ నిండా అదే. ఒంటికి తగిలేది ఊలుది కావాలి, కాటన్ వద్దు, చెమట పీల్చుకుని చల్లబడిపోతుంది. మందపాటి ఓవరాల్సు, బూట్లు టూరువాళ్ళే ఇస్తామన్నారు కాబట్టి కొనలేదు. అమ్మ చీర మీదే వస్తానంది. లోపల ఊలు లెగ్గింగ్స్, పైన పంజాబీ డ్రెస్ అని రెండు వారాలు బతిమాలాక ఒప్పుకుంది. చలికంటే జారిపడడం గురించే నాకు టెన్షన్. సున్నాకి అటూ ఇటూ ఊగే ఊరు కాబట్టి మంచు కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టి, కాలిబాట అద్దంలా తయారవుతుంది. షూకి తొడుక్కునే రబ్బరు పట్టీలకి అడుగున మేకులుంటాయి. అవి నలుగురికీ నాలుగు జతలు ముందే తెప్పించి, అమ్మచేత హాల్లో సోఫా పట్టుకుని తొడిగించి, విప్పించి ప్రాక్టీసు చేయించాను. దుకాణం లోపలికి వెళ్ళేటప్పుడు విప్పాలి, టైల్స్ మీద అవే జారతాయి. మాత్రలన్నీ చేతిసంచిలో, పవర్ బ్యాంకు కోటు లోపలి జేబులో. ఆ చలికి ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది.

ఇంత చేశాక ప్లాను ప్రకారం జరిగినవి, జరగనివి ఉన్నాయి. శుక్రవారం గాలికి కేబుల్ కార్ ఆపేశారు. ఆదివారం ఎక్కాం. 1961 నుంచి నడుస్తున్నది, నాలుగు నిమిషాల్లో 421 మీటర్ల ఎత్తున దింపుతుంది. అక్కణ్ణుంచి దీవిని ఒడ్డుకి కలిపే వంతెన మొత్తం కనిపిస్తుంది. 1960 నాటిది, 1,036 మీటర్ల పొడవు. నాన్నకి అరోరా తర్వాతి సంగతి. ఊరి కింద కొండ తొలిచి వేసిన సొరంగ రోడ్లు, వాటి లోపల రౌండబౌట్లు చూశాక ఆయన ప్రాణం కుదుటపడింది. సిటీ బస్సులో ఒకే సొరంగం గుండా అటూ ఇటూ తిరిగారు.

శుక్రవారం రాత్రి తీరమంతా మబ్బే. బస్సు స్కిబోట్న్ దాటి సరిహద్దు దాకా పోయింది. అమ్మ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. డ్రైవరుకీ ఇంత పెట్టింది. అక్కడ ఆకాశం విచ్చుకుంది. తీరా చూస్తే అమ్మ, "ఏంటే, నీ ఫోన్లో ఆకుపచ్చగా ఉంది, నా కంటికి తెల్లమబ్బులా ఉంది?" అంది. మసక వెలుతురులో మన కళ్ళు రంగుల్ని సరిగా పట్టలేవు, కెమెరా మూడు సెకన్లు కళ్ళు తెరుచుకుని ఉంటుంది కాబట్టి పట్టేస్తుంది. ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళడం మంచిది, లేకపోతే మోసపోయామనుకుంటారు. కాసేపటికి అది బలపడి, కంటికే పచ్చగా, అంచున గులాబీ రంగుతో కదిలింది. అమ్మ దండం పెట్టుకుంది. పెట్రోలు బంకు మాత్రం ఆవిడ చెప్పినట్టే పదింటికి మూసేశారు. పొదల సంగతి అడగొద్దు.

ఇప్పుడు మా ఆఫీసులో ఒకమ్మాయి అత్తమామల్ని తీసుకుని వచ్చే ఏడాది మార్చి నెలాఖరులో వెళతానంటోంది. నా షీటు మొత్తం పంపాను. మార్చిలో పగలు ఇంకా పెరుగుతుంది, పెద్దవాళ్ళకి సుఖమే. కాకపోతే 2027లో ఈస్టర్ మార్చి 28న. నార్వేలో దానికి ముందు గురు, శుక్రవారాలు, తర్వాత సోమవారం కూడా సెలవే, సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. పాలూ పెరుగూ బుధవారమే కొని పెట్టుకోమని చెప్పాను.